మొదటి బోగీ లెక్క

ఈ సంగతి రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. ఆఫీసులో చేసిన పొరపాటును ఆఫీసు బీరువాలోనే పెట్టి తాళం వేసి రావడం మా తరం గుమాస్తాలకు అలవాటు. కాని పోయిన చలికాలంలో ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో జరిగిన ఒక చిన్న విషయం నన్ను ఊరుకోనివ్వలేదు.

అక్కడ సివిల్స్‌కు చదువుకునే మన తెలుగు పిల్లలు అప్పుడప్పుడు నన్ను పిలుస్తుంటారు. నగర రవాణా గురించి ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాలో నన్నడిగి తెలుసుకుంటారు. నేనేమో రెండు కప్పుల టీకి నాలుగు గంటలు మాట్లాడతాను. ఆ రోజు మెట్రో రైళ్ళ పనితీరును ఎలా మదింపు చేస్తారన్న ప్రస్తావన వచ్చింది. ఒకతను కళ్ళు సగం మూసుకుని ఒక నివేదికలోని పేరా మొత్తం ఎక్కడా తడుముకోకుండా అప్పజెప్పాడు. సమాచారం దొరకనిచోట గుణకం వాడి అంచనా వేయడం ఎంత శాస్త్రీయమో చెప్పే పేరా అది.

"మోడల్ ఆన్సర్ కదా అంకుల్?" అన్నాడు ముగించి.

ఆ పేరా రాసింది నేను. ఆ గుణకం కనిపెట్టిందీ నేనే. అది తప్పని తెలిసినవాళ్ళు నాతో కలిపి అయిదారుగురం ఉంటాం. మిగిలినవాళ్ళకు రాసే తీరిక లేదు. తప్పు అచ్చులో ఉన్నప్పుడు దిద్దుబాటు కూడా ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలి కదా. రేపు ఆ పిల్లవాడు కలెక్టరై నా గుణకంతో ఏ జిల్లాలోనో బస్సులు తగ్గించేస్తే ఆ పాపం నాది. అందుకని రాస్తున్నాను.

మాది మెట్రో మార్గాలు ఎలా నడుస్తున్నాయో చూసి మార్కులు వేసే చిన్న విభాగం. రైళ్ళు మేం నడపం. పెళ్ళిలో గరిట పట్టకుండా పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పే బంధువుల్లాంటి వాళ్ళం. రైలు వేళకు వచ్చిందా, లిఫ్టులు పనిచేస్తున్నాయా, బోగీల్లో జనం ఎంతమంది ఉన్నారు, ఇలాంటివన్నీ కొలిచి, పట్టికలు వేసి, ఫలానా చోట రైళ్ళు పెంచండి, ఫలానా చోట తగ్గించండి అని సిఫారసు చేసేవాళ్ళం.

నేను అందులో గుమాస్తాగా చేరాను. కరెస్పాండెన్స్‌లో బి.కాం. గట్టెక్కినవాణ్ణి. గణాంకశాస్త్రం నాకు ఏ మాస్టారూ చెప్పలేదు. ఢిల్లీలో మా క్వార్టర్స్‌కు దగ్గరలో ఉన్న ప్రభుత్వ గ్రంథాలయమే నా కాలేజీ. ఒకే పుస్తకాన్ని పదకొండుసార్లు రెన్యూ చేయించుకుంటే అక్కడి లైబ్రేరియన్ విసుక్కుని, "సాబ్, ఈ పుస్తకం మీరు చదువుతున్నారా, కాపీ రాస్తున్నారా?" అని అడిగాడు. రెండూ అని చెప్పాను. అలా చదివి, డిపార్ట్‌మెంట్ పరీక్షలు ఒక్కొక్కటే దాటి, చివరికి నివేదికలు రాసే స్థాయికి వచ్చాను. ఆఫీసులో అందరూ నన్ను 'లైబ్రరీ సాబ్' అనేవారు. అందులో వెక్కిరింత ఎంతో, గౌరవం ఎంతో నేనెప్పుడూ లెక్క తీయలేదు. అది ఒక్కటే నేను కొలవకుండా వదిలేసింది.

ఇక గుణకం సంగతి. జనం రద్దీని కొలవడానికి మాకు అయిదు గ్రేడులు ఉండేవి. ఒకటి అంటే సీట్లు ఖాళీగా ఉన్నాయి. రెండు అంటే సీట్లు నిండాయి. మూడు అంటే నిలబడ్డవాళ్ళున్నా దారి ఉంది. నాలుగు అంటే భుజాలు తగులుతున్నాయి. అయిదు అంటే తలుపు మూసుకోవాలంటే ఎవరో ఒకరు ఊపిరి బిగబట్టాలి. సర్వేయర్లు ప్లాట్‌ఫారం మీద నిలబడి, రైలు ఆగినప్పుడు ఒక్కో బోగీని చూసి గ్రేడు రాసుకోవాలి.

చిక్కల్లా మొదటి బోగీతోనే వచ్చింది. అది ఆడవాళ్ళకు ప్రత్యేకం. మా సర్వేయర్లందరూ మగవాళ్ళు. ఆడవాళ్ళ బోగీ ముందు నిలబడి, కిటికీల్లోంచి చూస్తూ కాగితం మీద ఏదో రాసుకునే మగవాడిని చూసి రవాణా శాస్త్రవేత్త అని ఎవరూ అనుకోరు. ఒక సర్వేయరు మెడలోని కార్డు చూపించుకుంటూ లోపలికే ఎక్కాడు. తర్వాతి స్టేషన్ వచ్చేలోపు అతని ఉద్యోగమూ, చదువూ, ఇంట్లో అక్కచెల్లెళ్ళ సంఖ్యా అన్నీ ఆరా తీసి దింపేశారు. ఆ తర్వాత అందరూ ఆ గడిని ఖాళీగా వదిలేయడం మొదలుపెట్టారు. ఖాళీ గడి ఉంటే కంప్యూటరు ఫారం తీసుకోదు.

అప్పుడు నా పుస్తకం అక్కరకు వచ్చింది. ఖాళీ గడిని పక్క గడి ఆధారంగా నింపే పద్ధతి ఒకటి అందులో ఉంది. నేను స్వయంగా నగరం మధ్యలో ఒక పెద్ద జంక్షన్ స్టేషన్‌కు వెళ్ళి, దూరంగా నిలబడి, రెండు రోజులు చూశాను. మొదటి బోగీలో రద్దీ రెండో బోగీలో సగం ఉన్నట్టు తేలింది. అంతే, అన్ని స్టేషన్లకూ, అన్ని వేళలకూ అదే సూత్రం పెట్టేశాను. నేను వెళ్ళింది మధ్యాహ్నం భోజన విరామంలో అన్న సంగతి నివేదికలో రాయలేదు. రాయాలని తోచనే లేదు.

మా డైరెక్టరు లక్నో మనిషి, మంచివాడు. ఆ సూత్రం చూసి, "వాహ్ లైబ్రరీ సాబ్! సర్వేయర్లు తన్నులు తినకుండా సైన్సు కాపాడింది" అన్నాడు. దానికి 'లైబ్రరీ గుణకం' అని పేరు పెట్టిందీ ఆయనే. నేను ఆ సాయంత్రం ఇంటికి స్వీటు డబ్బా తీసుకెళ్ళాను.

ఇంకో ఎనిమిది నెలల్లో నేను రిటైరవుతాననగా చివరి పెద్ద నివేదిక నా చేతికి వచ్చింది. నగరం అంచున ఉన్న ఒక మార్గం అందులో ముఖ్యం. దాని పేరు చెప్పను. చివరి అయిదు స్టేషన్ల మధ్య రైళ్ళు దాదాపు ఖాళీగా నడుస్తున్నాయని మా పట్టికలు చెప్పాయి. అందుచేత పొద్దున, సాయంత్రం ఒక రైలు విడిచి ఒక రైలును ఆ అయిదు స్టేషన్లకు ముందే వెనక్కి తిప్పి, అలా మిగిలిన రైళ్ళను రద్దీగా ఉండే నగరం మధ్యలో నడపవచ్చని ముసాయిదాలో సిఫారసు రాశాను. కాగితం మీద అది ఎంత ముచ్చటగా ఉందో! రైళ్ళు నడిపే సంస్థకు కూడా నచ్చింది. ఇక సమావేశంలో ఆమోదమే తరువాయి.

పట్టికలన్నీ కంప్యూటరులోకి ఎక్కించేది ఒక కాంట్రాక్టు ఉద్యోగిని. నల్గొండ వైపు అమ్మాయి. భర్త అట్టపెట్టెలు చేసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. రెండో తరగతి చదివే ఒక కూతురు. మూడేళ్ళుగా నా పక్క టేబుల్ దగ్గరే పని. మామూలుగా ఆమె వేళ్ళు ఆగవు. ఆ రోజు ఆగాయి.

"సార్, ఒక మాటంటే ఏమనుకోరు గద?"

"అనుకోనమ్మా, చెప్పు."

"ఈ లెక్క ప్రకారం నేను పొద్దుగాల ఆఫీసుకు రాలే."

"అదేంటి?"

"చివరి స్టేషన్ల ఎనిమిదింటి బండి, మొదటి డబ్బ, ఒకటో గ్రేడు. సీట్లు ఖాళీ అని రాసిన్రు. నేనెక్కేది గదే బండి, గదే డబ్బ. మూడేండ్లాయె, ఒక్కనాడు కూసోలే. గా ఖాళీ సీట్లు ఎవరికోసం దాచిన్రు సార్?"

నేను నవ్వి, కుర్చీ వెనక్కి జరిపి, సగటు అంటే ఏమిటో, అంచనా అంటే ఏమిటో, ఒక్కరి అనుభవాన్ని బట్టి మొత్తాన్ని ఎందుకు తీర్మానించకూడదో పది నిమిషాలు చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది.

"అచ్ఛా. రేపు పొద్దుగాల నా కాలు తొక్కుతది గద, గా దీదీకి గిదంత చెప్తా. 'నువ్వు పూర్తిగ లేవు దీదీ, సగమే ఉన్నవ్, మా సార్ పుస్తకంల చూసిండు' అంట."

పక్క టేబుల్ వాళ్ళు నవ్వారు.

"మరి మిగతా బోగీలు ఖాళీగా ఎందుకుంటాయి? అవి మా సర్వేయర్లు కళ్ళతో చూసినవే కదా" అన్నాను.

"గవి నిజమే సార్. మా దిక్కు మొగోళ్ళ పని ఇంటి పక్కపొంటే. ఫ్యాక్టరీలకు సైకిళ్ళ మీద, షేర్ ఆటోలల్ల పోతరు. ఆడోళ్ళ పని సిటీల. దవాఖాన్లల్ల ఆయాలు, షాపులల్ల సేల్స్ పిల్లలు, కోఠీలల్ల, గదే పెద్దోళ్ళ బంగ్లాలల్ల, వంటోళ్ళు. అందరం గా ఒక్క డబ్బాలనే ఎక్కుతం."

"రెండో బోగీలో ఎక్కొచ్చుగా?"

"ఎక్కుతరు కొందరు. పది మంది మొగోళ్ళ నడుమ ఒక్కదాన్నే పోయి కూసుంటే పది మందీ ఫోన్ పక్కకు పెట్టి నన్నే చూస్తరు. నిలబడుడే నయం."

తర్వాత గొంతు తగ్గించింది. "సార్, పొద్దుగాల లేటైతే తిట్లు తింట, ఏం కాదు. సాయంత్రమే కష్టం. బడి ఇడిసినంక మా పాప పక్కింటి దీదీ తాన ఉంటది. ఆమె దవాఖానల ఆయా, ఏడింటికి డ్యూటీకి పోతది. నేను ఏడింటి లోపు ఇల్లు చేరాలె. గిప్పుడున్న బండ్లతోనే ఉరుక్కుంట చేరుతున్న. సగం బండ్లు నడిమిట్లనే మలిపితే ఎట్ల సార్?"

సరే చూద్దామన్నాను. చూడలేదు. రెండు రోజులు గ్రంథాలయంలో కూర్చుని నా గుణకం సరైనదే అని చెప్పే వాక్యం కోసం వెతికాను. నా పుస్తకంలోనే, నేను పదకొండుసార్లు రెన్యూ చేయించుకున్న పుస్తకంలోనే, ఆ పద్ధతి కింద చిన్న అక్షరాల్లో ఒక హెచ్చరిక ఉంది. పక్క గడిలోని వాళ్ళూ, ఖాళీ గడిలోని వాళ్ళూ ఒకే రకం మనుషులైనప్పుడే ఇది పనికొస్తుందట. చిన్న అక్షరాలు చదవని గుమాస్తాను నేనెన్నిసార్లు కసిరానో లెక్కలేదు.

మూడో రోజు పొద్దున్నే ఆ చివరి స్టేషన్‌కు వెళ్ళాను. ఎనిమిదింటి రైలులో రెండో బోగీ ఎక్కాను. హాయిగా సీటు దొరికింది. ఆ రైళ్ళలో బోగీకీ బోగీకీ మధ్య తలుపుండదు. ముందుకు చూస్తే మొదటి బోగీలో సీట్లు కాదు, మనుషులు కూడా కాదు, వీపులు కనిపించాయి. గోడ కట్టినట్టు వీపులు, వాటి మధ్య టిఫిన్ సంచులు. ఆ గోడకు చివరి ఇటుకలా మా వైపు అంచున నిలబడ్డ ఒకావిడ నన్ను చూసింది.

"క్యా దేఖ్ రహే హో అంకుల్?" ఏం చూస్తున్నారని.

"గిన్ రహా హూఁ" అన్నాను. లెక్కపెడుతున్నానమ్మా అని.

"గినో, గినో" అంది ఆవిడ. "ఏక్ భీ ఛూట్‌నా నహీఁ చాహియే." ఒక్కరిని కూడా వదలొద్దని.

ఆఫీసుకు వెళ్ళి ఆ అమ్మాయి టేబుల్ దగ్గర నిలబడి, "నువ్వు పూర్తిగానే ఉన్నావమ్మా" అన్నాను. "షుక్రియా సార్, మా ఇంటాయనకు చెప్త" అంది, టైపు ఆపకుండా.

సమావేశానికి ఇక వారం కూడా లేదు. మొదటి బోగీని కొత్తగా లెక్కపెట్టాలంటే ఆడవాళ్ళు కావాలి. సర్వే ఏజెన్సీని అడిగితే మనుషులను మార్చడానికి నెల పడుతుందన్నారు. ఆ అమ్మాయి తాను రోజూ ఎక్కే రైలు లెక్క తాను రాస్తానంది. ముందూ వెనకా రైళ్ళకు ఇంకొకరు కావాలి. ఇంట్లో ఈ గోడు వెళ్ళబోసుకుంటుంటే మా ఆవిడ చిక్కుడుకాయలు గిల్లుతూ విన్నది.

"ముప్పై ఏళ్ళుగా మీ లెక్కలు చెవిన పడుతూనే ఉన్నాయిగా. నేను వెళ్తాలెండి" అంది.

"అది నువ్వనుకున్నంత తేలిక కాదే. గ్రేడులు తెలియాలి."

"నాలుగంటే భుజాలు తగలడం, అయిదంటే మోచేతులు గుచ్చుకోవడం, అంతేగా? మార్కెట్టుకు పోయే ఆడదానికి మీరు నేర్పేదేంటండీ!"

మూడు రోజులు పొద్దున్నే చలిలో శాలువా కప్పుకుని, ఫారాలు పట్టుకుని వెళ్ళింది. మొదటిరోజు ఫారాలు చూసి తల పట్టుకున్నాను. గ్రేడులన్నీ సరిగ్గానే రాసింది. రిమార్కుల గడి మాత్రం ఉత్తరంలా నింపింది. 'ఒకామె నిలబడే నిద్రపోయింది, పక్కామె పట్టుకుంది.' 'గర్భిణికి సీటిచ్చారు, ఇచ్చినామె కూడా గర్భిణే అనుకుంటా.' 'నన్ను ఆంటీ అని కూర్చోమన్నారు, నేను డ్యూటీలో ఉన్నానని చెప్పాను.'

"ఇవన్నీ ఎందుకు రాశావు?" అని అడిగాను.

"గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు తీసుకోదని మీరే అన్నారుగా" అంది.

మూడు రోజుల లెక్కా ఒకటే చెప్పింది. వచ్చిన ప్రతి రైలులో మొదటి బోగీ నాలుగో గ్రేడు లేదా అయిదో గ్రేడు. మా ఆవిడకు పని రుచి తగిలినట్టుంది.

"సాయంత్రం కూడా వెళ్ళి చూసొద్దామా?" అంది.

ఇప్పుడు రాస్తుంటే ఆ క్షణం దగ్గర నా కలం ఆగుతోంది. నేను నవ్వాను. "పొద్దున వెళ్ళినవాళ్ళు సాయంత్రం ఇంటికి రాక ఎక్కడికి పోతారే? రాకపోకలు సమానం అన్నది ఈ శాస్త్రంలో మొదటి పాఠం. దాన్ని కొలవక్కర్లేదు" అన్నాను.

"అలాగా" అంది మా ఆవిడ. ఆవిడ 'అలాగా' అన్నప్పుడల్లా నేను ఆగి ఆలోచించి ఉంటే నా సర్వీసు రికార్డు ఇంకా బాగుండేది.

సమావేశం రోజు డైరెక్టరు గదిలో మేం ముగ్గురం కూర్చున్నాం. ఆయన, రైళ్ళు నడిపే సంస్థ తరఫున వచ్చిన ఒక ఇంజనీరు, నేను. పట్టికలు తెర మీద చూపించడానికి ఆ అమ్మాయి మూలన ల్యాప్‌టాప్ పట్టుకుని ఉంది. నేను లేచి నిలబడి, చివరి అయిదు స్టేషన్ల సిఫారసును వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. నా గుణకం అక్కడ తప్పిందనీ, ఎందుకు తప్పిందో, కొత్త లెక్క ఏం చెబుతోందో వివరించాను. రిటైర్మెంటుకు ముందు అలా నిలబడి చెప్పడం అంత సులువేం కాదు. నోరు ఎండిపోయి, మధ్యలో డైరెక్టరు గారి గ్లాసులో నీళ్ళు తాగేశాను.

ఇంజనీరు చిన్నవాడు, చురుకైనవాడు. కాగితాలు తిరగేశాడు.

"సర్, మూడు పొద్దుటి లెక్కలు. లెక్కపెట్టినవాళ్ళు ఇద్దరు. అందులో ఒకరు ఈ మేడమ్. రెండోవారు?"

"మా ఆవిడ" అన్నాను.

అతను నవ్వు ఆపుకోవడానికి చాలా ప్రయత్నించాడు. పాపం, మర్యాదస్తుడే. డైరెక్టరు మాత్రం నవ్వలేదు. ఫారాలు తీసుకుని ఒక్కొక్కటి చదివాడు. తెలుగులో రాసిన రిమార్కులను నా చేత హిందీలోకి చెప్పించుకున్నాడు. నిలబడి నిద్రపోయిన ఆవిడ దగ్గర ఆగి, "ఇది ఏ గ్రేడు లైబ్రరీ సాబ్?" అని అడిగాడు.

"అయిదు సార్."

"ఠీక్ హై. పొద్దున రైళ్ళు తగ్గించడం లేదు" అన్నాడు ఇంజనీరుతో. మూలన ల్యాప్‌టాప్ దగ్గర చిన్నగా ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది.

ఇంజనీరు తల ఊపి, పేజీ తిప్పి, "మరి సాయంత్రం సర్?" అన్నాడు.

"సాయంత్రం లెక్క ఉందా?" డైరెక్టరు నా వైపు తిరిగాడు.

"లేదు సార్. కాని పొద్దున వెళ్ళినవాళ్ళే కదా..."

"సర్, అందరూ ఒకే వేళకు రారు" అన్నాడు ఇంజనీరు. "షాపులవాళ్ళు ఆలస్యంగా వస్తారు, ఆయాలు షిఫ్టుల్లో వస్తారు. సాయంత్రం రద్దీ చెదిరిపోవచ్చు. లెక్క లేనప్పుడు మీ నివేదికలో ఉన్న పద్ధతే వాడాలి కదా? ఖాళీ గడికి గుణకం అని మీరే రాశారు."

అతను తప్పు మాట్లాడలేదు. నా పేరా నాకే చదివి వినిపించాడు, అంతే. డైరెక్టరు సాయంత్రం రైళ్ళ సిఫారసును ఆమోదించాడు. లెక్క తెస్తే మళ్ళీ చూద్దామన్నాడు. నేను మూల వైపు చూడలేదు. ల్యాప్‌టాప్ మూసిన చప్పుడు మాత్రం విన్నాను.

కొత్త వేళలు మొదలైన రెండో వారంలో ఒక పొద్దున ఆ అమ్మాయి వచ్చి, బ్యాగు పెట్టి, నా వైపు తిరిగింది.

"సార్, నిన్న మీ గుణకం నన్ను దింపేసింది."

"ఏమైందమ్మా?"

"నేనెక్కిన బండి నడిమిట్ల ఆఖరాయె. అందరం దిగినం. ఎనకొచ్చిన బండి మొదటి డబ్బాల కాలు వెట్ట జాగ లేదు. రెండో డబ్బాల దూరుదామని ఉరికేసరికి తలుపు మూసుకుంది. గా తర్వాత బండి కూడా నడిమిట్లనే ఆఖరట. దాని ఎనక దానికి పోయేసరికి ఏడు దాటింది."

"మరి పాప?"

"మెట్ల మీద కూసుంది. దీదీ ఉండి ఉండి డ్యూటీకి పోయింది, ఆమె నౌకరీ ఆమెది గద. లైటు కింద కూసుని హోంవర్క్ చేసుకుంటుంది. ఏడ్వలే సార్. ఆకలైతుందన్నది, అంతే."

ఆమె ఇదంతా నవ్వుతూనే చెప్పింది. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆ రోజే డైరెక్టరు దగ్గరకు వెళ్ళాను. కాంట్రాక్టు ఉద్యోగులు సాయంత్రం ఆరింటికి వేలిముద్ర వేస్తేనే హాజరు. ఆమెను అయిదున్నరకు పంపమని అడిగాను. ఆయన ఒక కాగితం మీద అనుమతి రాసి, కింద ఇంకో వాక్యం చేర్చాడు. మిగిలిన అరగంట పని లైబ్రరీ సాబ్ పూర్తిచేయాలి.

అలా రిటైరయ్యేదాకా సాయంత్రం అరగంట నేను టైపిస్టునయ్యాను. రెండు వేళ్ళతో కొట్టేవాణ్ణి. ఆమె పది నిమిషాల్లో చేసేది నాకు ముప్పావుగంట పట్టేది. ఖాళీ గడి వచ్చినప్పుడల్లా కంప్యూటరు టింగుమని మోగేది. ఇన్నేళ్ళూ ఆమె ఆ చప్పుడు వింటూ కూర్చుందని అప్పుడు తెలిసింది. మర్నాడు పొద్దున ఆమె నా తప్పులు దిద్దేది. "సార్, నిన్న మీరు ఒక స్టేషన్‌కు రెండు పేర్లు పెట్టిన్రు. పెద్దోళ్ళు, పెట్టొచ్చులే" అనేది.

ఇటు మా ఆవిడ నేను అడగకుండానే శాలువా తీసింది. పది సాయంత్రాలు రైళ్ళు వెనక్కి తిరిగే ఆ మధ్య స్టేషన్‌లో నిలబడి, వచ్చిన ప్రతి రైలు మొదటి బోగీ లెక్క రాసింది. ఇంజనీరు అన్నట్టు రద్దీ కొంచెం చెదిరే ఉంది, అయినా నాలుగు కంటే తగ్గలేదు. నేను ముందే చెప్పానుగా అని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. పదో రోజున మాత్రం ఫారాలు నా ముందు పెట్టి, "రాకపోకలు సమానమేనండీ. మీ శాస్త్రం కరక్టే" అంది.

ఆ లెక్కలను ఒక అనుబంధంగా రాసి పంపాను. అప్పటికే నివేదిక అచ్చయిపోయింది, అందుకే అనుబంధం అందులోకి ఎక్కలేదు, ఫైలులో పడి రైళ్ళు నడిపే సంస్థకు మాత్రం వెళ్ళింది. అచ్చయిన నివేదిక పుస్తకంలో గుణకం మిగిలిపోయింది. పరీక్షకు చదివే పిల్లలు అప్పజెప్పేది ఆ పుస్తకమే. వీడ్కోలు సభలో డైరెక్టరు నా గుణకాన్ని మెచ్చుకుంటూ మాట్లాడుతుంటే, వెనక వరసలో ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆయన కూడా ఆమెనే చూస్తూ, చిరునవ్వుతో ఇంకాస్త పొగిడాడు.

నేను ఇంట్లో కూర్చున్న రెండో నెలలో ఒక సాయంత్రం ఫోను మోగింది. అవతల రైలు చప్పుడు.

"సార్, నడిమి స్టేషన్ దాటిన. బండి ఆగలే. అన్ని బండ్లూ చివరిదాంక పోతున్నయంట, ఇయ్యాల్టి సంది."

"కూర్చున్నావా?"

"ఏడ కూసుంటం సార్, అయిదో గ్రేడు" అని నవ్వింది.

ఇప్పుడు ఆ సర్వేలో మొదటి బోగీని ఆడవాళ్ళే లెక్కపెడుతున్నారని విన్నాను. ఆ గడిని ఎవరూ నింపలేనప్పుడు ఖాళీగానే వదలాలని, ఎందుకు ఖాళీయో పక్కన రాయాలని నియమం పెట్టారట. పరీక్షకు చదివే పిల్లలు ఇది కూడా మోడల్ ఆన్సర్‌లో చేర్చుకుంటే సంతోషిస్తాను. మార్కులు పడతాయో లేదో మాత్రం హామీ ఇవ్వలేను.

ఇలాంటి రాతల చివర సాయం చేసినవాళ్ళకు పేరుపేరునా కృతజ్ఞత చెప్పాలి. ఇద్దరు ఇంకా నౌకరీలో ఉన్నారు, ఒకరు పేరు రాస్తే అన్నం పెట్టనన్నారు, కనుక పేర్లు లేకుండానే చెబుతున్నాను. చిన్న అక్షరాలున్న పుస్తకాన్ని పదకొండుసార్లు ఇచ్చిన లైబ్రేరియన్‌కు, రిమార్కుల గడి చదివిన డైరెక్టరుకు, నా పేరాను నాకే అప్పజెప్పిన ఇంజనీరుకు, ఒక్కరిని కూడా వదలొద్దన్న ఆ రైలు దీదీకి, చేతనైనంతసేపు ఆగి డ్యూటీకి వెళ్ళిన పక్కింటి ఆయాకు, శాలువా కప్పుకుని పదమూడు పూటలు నిలబడ్డ మా ఆవిడకు, తాను పూర్తిగా ఉన్నానని నాకు చెప్పిన నల్గొండ అమ్మాయికి నా నమస్కారాలు.

ఆమె కూతురికి మాత్రం కృతజ్ఞత కంటే ముందు ఒక జవాబు బాకీ ఉన్నాను. ఆ సాయంత్రం మెట్ల మీద నుంచి లేచి, పుస్తకాలు సర్దుకుంటూ, ఆలస్యం ఎందుకైందో తల్లి చెప్పినదంతా విని, ఆ పాప ఒకే ఒక్క ప్రశ్న వేసిందట; తల్లి అది నాకు చాలా రోజుల తర్వాత చెప్పింది. "మమ్మీ, ఉన్ అంకుల్‌కో మ్యాథ్స్ నహీఁ ఆతా క్యా?" ఆ అంకుల్‌కు లెక్కలు రావా అని.

రాదు పాపా. అప్పటికి ఇంకా రాదు.